అబ్రాహాముకు అందిన పాట

ఎల్లారెడ్డిలో అబ్రాహాము ఇల్లెక్కడ అని అడిగితే ఎవరూ చెప్పలేరు. గిర్ని చెవిటాయన ఇల్లు అంటే మాత్రం బస్టాండులో సోడాలమ్మే మనిషి కూడా లేచి నిలబడి దారి చూపిస్తాడు. పేరు పెట్టేది తల్లిదండ్రులే అయినా, దాన్ని ఉంచాలా తీసేయాలా అన్నది ఊరి ఇష్టం. ఆ మాత్రం అధికారం లేకపోతే ఊరికి పొద్దెలా పోతుంది!

అతని తండ్రి లింగం డప్పు కొట్టేవాడు. ఊళ్లో శవం లేచినా, పోచమ్మకు బోనం ఎత్తినా ముందు నడిచేది లింగమే. క్రైస్తవంలో కలిసిన రోజున ఆ డప్పును తమ్ముడి చేతిలో పెట్టి, చేతులు కడుక్కొని, పుట్టిన కొడుక్కి అబ్రాహాము అని పేరు పెట్టుకున్నాడు. అప్పటి నుంచి ఆ చిన్న సంఘంలో తోలు వాయిద్యం మాటెత్తకూడదు. అది మోగితే చావో దేవతో గుర్తుకొస్తుందని పెద్దల భయం. హార్మోనియం ఒకటి, తాళాలు రెండు జతలు, మిగతాదంతా గొంతులే. ఆ గొంతుల్లో పెద్ద గొంతు అబ్రాహాము భార్య లిదియాది. పెళ్ళినాటికి ఆమెకు పాటలు నలభై వచ్చు, వంటలు రెండే వచ్చు. అబ్రాహాము ఆ సంగతికి ఎన్నడూ బాధపడలేదు.

బాధపడాల్సింది వేరే వచ్చింది. ఇరవై ఏళ్ల వయసులో అతను బియ్యం గిర్నిలో పనికి కుదిరాడు. హల్లర్ నోట్లో వడ్లు పోయాలి, ఊక పక్కకు లాగాలి, ఇంజను పట్టా జారితే ఎక్కించాలి. రేకుల షెడ్డు కింద ఆ మోతలో మాటన్నది వినబడదు. గిర్నివాళ్ళు చేతులతోనే మాట్లాడుకుంటారు, చేతులతోనే తిట్టుకుంటారు. సాయంత్రం ఇంటికొచ్చాక ఒక గంటసేపు చెవుల్లో తుమ్మెదలు తిరిగేవి. కొన్నేళ్ళకు అవి రాత్రంతా తిరగడం మొదలుపెట్టాయి. తర్వాత పిట్టల అరుపులు పోయాయి. సైకిల్ బెల్లు పోయింది. ఆడవాళ్ళ మాటలు పోయాయి. పోయేది కొంచెం కొంచెంగా పోతే మనిషికి తెలియదు, పక్కవాళ్ళు చిన్నగా మాట్లాడుతున్నారని విసుక్కుంటాడు. అబ్రాహాము కూడా చాలాకాలం లిదియాను విసుక్కున్నాడు.

ఎనభై మూడులో ఒక ఆదివారం లిదియా సంఘం గుడిలో పాట ఎత్తుకుంది. ఆమె పెదాలు కదులుతున్నాయి, మెడ నరం ఉబ్బుతోంది, పక్కన ఆడవాళ్ళు తాళం వేస్తున్నారు. పాట మాత్రం లేదు. అబ్రాహాము చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడు. అయినా లేదు. కామారెడ్డికి పోతే చెవుల డాక్టరు దీపం పెట్టి చూసి, లోపలి నరం ఎండిపోయిందనీ, మందు లేదనీ చీటీ మీద రాసిచ్చాడు. చెవికి పెట్టుకునే మిషను ఒకటి తెచ్చారు గానీ, అది కుక్కర్‌లా కూత పెట్టడం తప్ప వేరే పని చేయలేదు. అది పెట్టెలోకి పోయింది, అబ్రాహాము మళ్ళీ గిర్నికి పోయాడు. చెవులు తిన్న గిర్నే అన్నం పెడుతుంటే ఎక్కడికి పోతాడు?

అప్పటి నుంచి తొమ్మిదేళ్లు అతను ప్రతి ఆదివారం గుడికి వెళ్ళాడు. అందరూ నిలబడితే నిలబడ్డాడు, కూర్చుంటే కూర్చున్నాడు, కళ్ళు మూసుకుంటే మూసుకున్నాడు. కాకపోతే మళ్ళీ ఎప్పుడు తెరవాలో తెలియక, ప్రార్థన మధ్యలో ఒక కన్ను తెరిచి చూసేవాడు. అది చూసి పిల్లలు నవ్వేవాళ్ళు. ఎవరేమడిగినా తల ఊపేవాడు. బాగున్నావా అంటే ఊపేవాడు, అన్నం తిన్నావా అంటే ఊపేవాడు, మీ బావ చచ్చిపోయాడట గదా అంటే కూడా ఊపేవాడు. చెవిటి మనిషికి తల ఊపడం ఒక ఉద్యోగం. అబ్రాహాము దానితోనే ఎక్కువ అలసిపోయాడు, వడ్ల బస్తాలతో కాదు.

గుడిలో అతనికి పూర్తిగా అందేది ఒకటే ఉంది. కామారెడ్డి నుంచి పాస్టరు అయ్యగారు రెండు నెలలకోసారి బస్సులో వచ్చి ప్రభు బల్ల ఇచ్చేవాడు. రొట్టె ముక్క, ద్రాక్షారసం. దానికి చెవులు అక్కర్లేదు. అందరికీ ఎంత వస్తుందో తనకూ అంతే వస్తుంది, అందరి నోట్లో ఏ రుచో తన నోట్లో అదే రుచి. ఆ ఆదివారం అబ్రాహాము పొద్దున్నే గడ్డం గీసుకొని, ఉతికిన అంగీ వేసుకొని అందరికంటే ముందు వెళ్ళి కూర్చునేవాడు. ఆ ముక్క కోసం మిగతా ఏడు ఆదివారాలు ఓపిక పట్టేవాడు.

తొంభై రెండు ఫిబ్రవరిలో గుడి ఆవరణలో మూడు రోజుల ప్రార్థన కూటాలు పెట్టారు. పందిరి వేసి, మైకుసెట్టు ఘనీకి చెప్పారు. ఘనీ దుకాణం బస్టాండుకు ఎదురుగానే. పెళ్ళిళ్లు, ఉర్సులు, గణపతి, ఎలక్షన్లు, ఎవరి పందిరి అయినా గొంతు ఘనీ ఇవ్వాల్సిందే. అతనికొక పద్ధతి ఉంది. కార్యక్రమం మొదలయ్యేముందు జనం పోగవడానికి ఎవరి దేవుడి పాట వాళ్ళ పందిట్లో వేస్తాడు. ఆ రోజు చూసుకుంటే, తన దగ్గరున్న ఒకే ఒక్క క్రైస్తవ పాటల క్యాసెట్టు రీలును అంతకుముందు వారం రామారెడ్డి ఊళ్లో జరిగిన పెళ్ళిలో టేపు మింగేసింది. ఘనీ బుర్ర గోక్కున్నాడు. అప్పుడు తమ్ముడు ఖుద్దూస్ తెచ్చిన సంచి గుర్తుకొచ్చింది.

ఖుద్దూస్ దుబాయిలో పనిచేస్తాడు. అతని గదిలోనే ఉండే ఫిలిప్పీన్ మనిషి ఒకడు, మీ ఊళ్లో యేసును మొక్కేవాళ్ళుంటే ఇవ్వు అని ఒక క్యాసెట్టు చేతిలో పెట్టాడట. అట్ట మీద పెద్ద సిలువ. సిలువ వెనక మంటలు. మంటల ముందు ఆడవాళ్ళలా జుట్టు విరబోసుకున్న నలుగురు మగవాళ్ళు, చేతుల్లో గిటార్లు. ఘనీ సిలువ చూశాడు, మిగతాది చూడలేదు. సాయంత్రం నాలుగున్నరకు, సగం పందిరి నిండాక, ఆ క్యాసెట్టు పెట్టి గుండీ నొక్కాడు.

ముందు రేకుల మీద కంకర పోసినట్టు ఒక మోత లేచింది. వెనకనే డ్రమ్ములు. ఆ పైన ఒక మగమనిషి, గొంతు మీద ఎవరో కాలు పెట్టినట్టు, అరవడం మొదలుపెట్టాడు. మాట ఒక్కటీ అర్థం కాలేదు, మధ్య మధ్యలో 'జీసస్' తప్ప. పందిట్లో అందరూ బిగుసుకుపోయారు. ఇక్కడొక సంగతి చెప్పాలి. ఆ గుడిలో శుక్రవారం శుక్రవారం దయ్యం పట్టినవాళ్ళకు ప్రార్థన చేస్తారు. పట్టినవాళ్ళు అరుస్తారు, పెద్దలు యేసు పేరు చెప్పి గద్దిస్తారు, వాళ్ళు ఇంకా అరుస్తారు. అరుపూ యేసు పేరూ కలిసి వినబడటం వాళ్ళకు ఆ ఒక్క చోటే తెలుసు.

ముందు లేచింది సాలవ్వ. ఆమెకు డెబ్భై ఏళ్లు, దయ్యాల విషయంలో ఆమెదే చివరి మాట. "ఓ తల్లీ! దయ్యం ఎల్లగొట్టుడు టేపుల పట్టిండ్రే! అది పోతలేదు, సూడుండ్రి ఎట్ల మొత్తుకుంటుందో! ప్రార్థన చెయ్యిండ్రి, అందరు చెయ్యిండ్రి!" అంది. చెప్పడమే ఆలస్యం. పందిట్లో నూటయాభై మంది చేతులెత్తి, ఎక్కడో దేశం కాని దేశంలో ఎవరి ఒంట్లోనో ఉన్న ఆ దయ్యాన్ని ఎల్లారెడ్డి నుంచి వెళ్ళగొట్టడానికి నడుం కట్టారు. వాళ్ళు గద్దించేకొద్దీ క్యాసెట్టు రెచ్చిపోయింది. ఘనీ ఇదంతా భక్తే అనుకొని సౌండు కొంచెం పెంచాడు.

అబ్రాహాము ఈ గొడవేదీ ఎరగడు. ఎడమవైపు పెద్ద సౌండు బాక్సు పక్కన, దాదాపు దానికి ఆనుకొని కూర్చున్నాడు. జనం చెవులు మూసుకొని అక్కడి నుంచి జరిగిపోతే చోటు దొరికిందని కాళ్ళు చాపుకున్నాడు కూడా. చాపుకుంటూ ఆసరాకు బాక్సు మీద అరచెయ్యి పెట్టాడు.

మొదట గిర్ని అనుకున్నాడు. గిర్ని వణుకు అతని ఎముకలకు తెలుసు, అది ఒకే తీరున కొట్టుకుంటుంది. ఇది అలా లేదు. నాలుగు దెబ్బలు వేసి ఆగింది. ఆగి, మళ్ళీ నాలుగు వేసింది. తర్వాత రెండు వేసి ఊరించింది. అరచేతిలోంచి మోచేతికి, అక్కడి నుంచి రొమ్ములోకి వచ్చి కూర్చుంది. అబ్రాహాము రెండో చెయ్యి కూడా పెట్టాడు. చెంప ఆనించాడు. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉన్నది ఖాళీ కాదని, అది తాళమని అతనికి అర్థమైంది. తాళం ఉందంటే పాట ఉన్నట్టే. తొమ్మిదేళ్ల తర్వాత ఒక పాట దారి తప్పి, తలుపులన్నీ మూసి ఉంటే గోడ పగలగొట్టుకొని అతని లోపలికి వచ్చింది.

అతను ఏడ్చాడు. సిగ్గుపడకుండా, ముక్కు తుడుచుకోకుండా ఏడ్చాడు. ఆ తర్వాత లేచి నిలబడి, ఒక చెయ్యి బాక్సు మీదుంచి, ఇంకో చెయ్యి పైకెత్తి, లిదియా పెళ్ళినాడు పాడిన పాటను తనకొచ్చినట్టు అందుకున్నాడు. శ్రుతి లేదు, అడ్డూ లేదు. బాక్సులోని మోతను మించి వినబడింది.

పందిరంతా అటు తిరిగింది. ఘనీకి అప్పుడు ఏదో అనుమానమొచ్చి తీగ పీకాడు. బాక్సు ఆగింది, అబ్రాహాము ఆగలేదు. ఇంకేం కావాలి? టేపులోంచి వెళ్ళగొట్టిన దయ్యం ఎక్కడికి పోవాలో తెలియక దగ్గరున్నవాడిలో దూరిందని సాలవ్వ తేల్చేసింది. సంఘ పెద్ద హన్మండ్లు ముందుకు దూకాడు. బాప్తిస్మంలో అతనికి యోనా అని పేరు పెట్టారు గానీ ఊరు దాన్ని ఒప్పుకోలేదు. హన్మండ్లు రెండు చేతులూ అబ్రాహాము నెత్తిన పెట్టి నొక్కుతూ, వెళ్ళిపో వెళ్ళిపో అని గద్దించాడు. ఇంకో నలుగురు భుజాలు పట్టుకున్నారు. అబ్రాహాము వాళ్ళ కళ్ళల్లో నీళ్లు చూశాడు. తన సంతోషం చూసి వీళ్ళూ సంతోషపడుతున్నారనుకున్నాడు. హన్మండ్లును గట్టిగా వాటేసుకొని, "వినవడ్డదన్నా! నాకు వినవడ్డది!" అని అతని చెవిలో అరిచాడు. హన్మండ్లు విడిపించుకొని రెండడుగులు వెనక్కి వేశాడు.

ఇంటికొచ్చాక లిదియా మనవరాలి పలక తీసుకొని, 'నీకు దయ్యం పట్టిందంటున్నరు' అని రాసి చూపింది. అబ్రాహాము చదివి నవ్వాడు. ఆమె నవ్వలేదు. అప్పుడతను పలకను మళ్ళీ చదివాడు.

మర్నాడు గిర్నిలో అతనొక పని చేశాడు. ఇంజను నడుస్తుండగా హల్లర్ డొక్క మీద రెండు చేతులూ పెట్టి కళ్ళు మూసుకున్నాడు. వణుకు వచ్చింది. ఇంకేమీ రాలేదు. మధ్యాహ్నం మరోసారి చూశాడు. ముప్పై ఏళ్ల పాత వణుకే. నిన్న ఏడ్చింది వణుకుకు కాదన్నమాట. మరి దేనికి? దేవుడికే అయితే పెద్దలు దయ్యమెందుకంటారు? దయ్యానికే అయితే, తన నోట యేసు పాట ఎందుకొచ్చింది? ఈ ప్రశ్నలు ఎవరినైనా అడగొచ్చు, కానీ జవాబు వినడానికి చెవులు లేవు. అతనికి ఒళ్ళంతా అలసట వేసింది. తొమ్మిదేళ్లు ఏమీ ఇవ్వని గుడిలో అతను మంచి క్రైస్తవుడు. ఒక్కరోజు ఏదో దొరికేసరికి దయ్యం పట్టినవాడు.

అయినా కాలు ఆగలేదు. తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక ఘనీ దుకాణానికి వెళ్ళి, బాక్సు చూపించి, చేతులు జోడించాడు. ఘనీకి విషయం అర్థమై చాలా బాధపడ్డాడు. "అరె భాయ్, నా వల్ల నీకు గింత బద్నాం అయిపాయె" అన్నాడు. క్యాసెట్టు పెట్టాడు. అబ్రాహాము స్టూలు లాక్కొని బాక్సు మీద చెయ్యేసి కూర్చున్నాడు. ఆ తర్వాత ప్రతి ఆదివారం వెళ్ళాడు, వెళ్ళిన ప్రతిసారీ ఏడుపు రాలేదు. రానిరోజు ఊరికే కూర్చునేవాడు. అదీ బాగానే ఉండేది.

లిదియాకు మాత్రం బాగాలేదు. ఒక ఆదివారం ఆమె కూడా వెంట వచ్చింది. మొగుడు ఆ బాక్సును పట్టుకున్న తీరు చూసింది. ఆమెకు కోపం వచ్చింది, కోపం వెనక ఏడుపు వచ్చింది. "ముప్పై ఏండ్లు నీ పక్కన నిలవడి పాడిన. నా పాట రాలే గని, గా బొబ్బలు వచ్చినయా నీకు?" అంది. అతనికి వినబడలేదు. ఘనీకి వినబడింది. ఘనీ మైకు తెచ్చి ఆమె చేతిలో పెట్టి, దాని తీగను అదే బాక్సుకు తగిలించాడు.

లిదియా కొంగు సర్దుకొని పాడింది. ఆ గొంతు విని బస్టాండులో మనుషులు ఆగారు. అబ్రాహాము రెండు చేతులూ బాక్సు మీద పెట్టి కళ్ళు మూసుకున్నాడు. అగ్గిపెట్టెలో ఈగను మూసినట్టు ఏదో సన్నగా తిరిగింది, అంతే. తాళం లేదు, పాట లేదు. ఆమె గొంతు ఎత్తేకొద్దీ అదీ పోయింది. పాట అయ్యాక ఆమె అతని ముఖంలోకి చూసింది. అబ్రాహాము తల ఊపాడు. "వినవడ్డది లిదియా, మంచిగ వినవడ్డది" అన్నాడు, మామూలుగా అన్నాననుకొని, వీధి ఆ చివరి దాకా వినబడేటట్టు. అతని గొంతు మీద అతనికి అదుపు పోయి చాలా ఏళ్లయింది. లిదియా ముప్పై ఏళ్ల పెళ్ళాం, ఏ ఊపుడు ఏ ఊపుడో ఆమెకు తెలుసు. మైకు ఘనీకిచ్చేసి, ఇంటికి నడిచింది. అబ్రాహాము వెనకనే నడిచాడు. దారిలో ఇద్దరూ మాట్లాడుకోలేదు. అలా మాట్లాడుకోకపోవడం వాళ్ళకు కొత్త కాదు గానీ ఆ రోజు అది ఇద్దరికీ నొప్పి పెట్టింది.

ఊళ్లో ఇలాంటివి దాగవు. సంఘ పెద్దలు కూర్చున్నారు. దయ్యాన్ని దిగ్గొడుతుంటే దిగ్గొట్టించుకోక, వెతుక్కుంటూ దాని దగ్గరికే పోతున్నాడంటే ఇది మామూలు సంగతి కాదన్నారు. హన్మండ్లు ముందు ఘనీ దగ్గరికి పోయి ఆ క్యాసెట్టు పగలగొట్టమన్నాడు. ఘనీ అట్ట తీసి సిలువ చూపించాడు. "దీని మీద మీ నిషానీ ఉన్నది. నేను పగలగొడితే రేపు మీరే నా దుకాణం పగలగొడ్తరు. మీ చేతులతోని మీరే పగలగొట్టుండ్రి" అన్నాడు. హన్మండ్లు క్యాసెట్టును చేతిలోకి తీసుకున్నాడు, సిలువ వంక చూశాడు, మళ్ళీ బల్ల మీద పెట్టేశాడు.

అక్కడ కాలేదని గిర్నికి వచ్చాడు. హన్మండ్లుకు రాయడం రాదు. ఇంజను మోతలో నిలబడి, నోటి దగ్గర చెయ్యి పెట్టి ముక్క తింటున్నట్టు చూపించాడు, చూపుడు వేలు అడ్డంగా ఆడించాడు. మళ్ళీ బాక్సంత వెడల్పు చేతులు చాపి, చెవులు మూసుకొని, నేల మీద ఉమ్మాడు. చివరికి అయ్యగారిలా చెయ్యెత్తి దీవించి, దాని ముందు తల ఊపి చూపించాడు. గిర్ని భాష వచ్చినవాడికి ఇది చాలు. బాక్సు దగ్గరికి పోవడం మానుకోవాలి, అది దయ్యమని అయ్యగారి ముందు ఒప్పుకోవాలి. లేకపోతే నీకు బల్ల లేదు.

అబ్రాహాము చేతిలోని గంప కింద పెట్టేశాడు. పాట వచ్చే చోటికి పోతే రొట్టె లేదు, రొట్టె కావాలంటే పాట వద్దు. చెవులు పోయినప్పుడు కూడా అతనికి ఇంత కష్టం అనిపించలేదు. అప్పుడు తీసుకున్నది గిర్ని. ఇప్పుడు తీసుకుంటున్నది తనవాళ్ళు.

బల్ల ఆదివారం వచ్చింది. అయ్యగారు పొద్దున బస్సు దిగగానే హన్మండ్లు సంగతంతా చెప్పాడు. అయ్యగారు చిన్నవాడే, ముప్పై అయిదు దాటి ఉండడు. కానీ చేతి కింద తొమ్మిది ఊళ్ళున్నాయి, తొమ్మిదింటిలోనూ ఇలాంటి పంచాయితీలు ఉన్నాయి, మోకాళ్ళ నొప్పి ఒకటి. దారిలో ఘనీ దుకాణంలో ఆగి క్యాసెట్టు అట్ట లోపలి కాగితం తీసి చదివాడు. అతనికి ఇంగ్లీషు వచ్చు. చదివి, మడిచి, మళ్ళీ పెట్టేశాడు.

ఆరాధనకు ముందు గుడి పక్క గదిలో అబ్రాహామును కూర్చోబెట్టి కాగితం మీద రాశాడు. 'ఆ పాటల్లో చెడ్డ మాట ఏమీ లేదు. క్రీస్తు సిలువ గురించే ఉంది.'

అబ్రాహాము చదివి, తలెత్తి చూశాడు. "మరి గదే చెప్పుండ్రి అయ్యగారూ ఆల్లకు."

అయ్యగారు మళ్ళీ రాశాడు. 'చెప్పాను. మాటలు మంచివే కావచ్చు, మోత దయ్యాలదే అంటున్నారు. వాళ్ళు భయపడ్డారు.'

అబ్రాహాము ఆ కాగితాన్ని చదివి తిరిగి ఇచ్చాడు. తర్వాత అన్నాడు: "ఆ మాటలు నాకు వినరావయ్యగారూ. నా దాక వచ్చేది మోత ఒక్కటే. మోత దయ్యాలదైతే, నాకు దేవుడు దేంట్ల నుంచి రావాలె?"

అయ్యగారు ఇరకాటంలో పడ్డాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. సంఘాన్ని కాదంటే సంఘం రెండుగా చీలుతుంది, ఈ ముసలాయన్ని కాదంటే ఎవరూ చీలరు, ఒక్క మనిషి మాత్రం విరుగుతాడు. పెద్దలు ఎప్పుడూ ఒక్కడి వైపే బరువు దింపుతారు. అయ్యగారు పెన్ను మూతపెట్టి, మళ్ళీ తీసి, చిన్న అక్షరాలతో రాశాడు. 'సంఘంలో శాంతి సమాధానాల కోసం ఒప్పుకోండి. అడిగినప్పుడు తల ఊపితే చాలు.' రాసి, అబ్రాహాము ముఖంలోకి చూడకుండా కాగితాన్ని చింపి జేబులో వేసుకున్నాడు.

గుడి నిండింది. పాటలయ్యాయి, బైబిలు వాక్యమయ్యింది. బల్లకు ముందు అయ్యగారు అబ్రాహామును పిలిచి నిలబెట్టాడు. పెదాలు పెద్దగా కదిలిస్తూ, అది దయ్యమని ఒప్పుకుంటారా అని అడిగాడు. హన్మండ్లు ముందు వరసలో మెడ చాచాడు. సాలవ్వ గొణుగుతూ ప్రార్థిస్తోంది. లిదియా తల వంచుకొని కూర్చుంది. అబ్రాహాము వాళ్ళందరినీ చూశాడు. వీళ్ళలో ఎవరూ చెడ్డవాళ్ళు కారు. తన పిల్లలకు జ్వరమొస్తే రాత్రంతా మోకాళ్ళ మీద ఉన్నవాళ్ళు, గిర్ని బందైన ఏడాది తనింటికి జొన్నలు పంపినవాళ్ళు. వీళ్ళతో కొట్లాడాలంటే ఎక్కడలేని బలం కావాలి. అతనికి నిలబడటానికే చాతకావడం లేదు.

తల ఊపాడు.

గుడంతా ఊపిరి వదిలింది. హన్మండ్లు లేచి వచ్చి నిజంగానే ఏడుస్తూ వాటేసుకున్నాడు. రొట్టె పళ్ళెం తిరిగింది. అక్కడ రొట్టెను అందగానే తినరు, అందరికీ చేరేదాకా చేతిలో పట్టుకొని, అయ్యగారు చెప్పాక ఒక్కసారే తింటారు. అబ్రాహాము చేతిలోనూ ముక్క పడింది. నెల రోజులుగా దీని కోసమే నిద్ర పోలేదు. అందరి చేతులూ నోటికి లేచినప్పుడు అతని చెయ్యీ లేచింది. కానీ నోరు తెరుచుకోలేదు. చెయ్యి మూసినది మూసినట్టే కిందికి వచ్చింది. రసం గిన్నె వచ్చినప్పుడు పెదాలు తడుపుకొని పక్కవాళ్ళకు ఇచ్చేశాడు. పిడికిలి మాత్రం విప్పలేదు.

ఆరాధన ముగిసి అందరూ అయ్యగారికి చేతులు కలుపుతుంటే అబ్రాహాము పక్క తలుపు నుంచి బయటపడి, ఎండలో బస్టాండు వైపు నడిచాడు. ఘనీ దుకాణంలో ఎవరూ లేరు. అబ్రాహాము స్టూలు లాక్కొని కూర్చున్నాడు. ఘనీ ముఖమంతా కదిలించి మాట్లాడే మనిషి, అతని పెదాలు చదవడం కష్టం కాదు.

"చేతిల ఏందది?"

అబ్రాహాము పిడికిలి విప్పి చూపించాడు. చెమటకు ముక్క మెత్తబడి చిన్నదైపోయింది.

ఘనీ వంగి చూశాడు. "గింత ముక్క కోసమా భాయ్ నెల రోజుల లొల్లి?"

"గింత ముక్క కోసమే" అన్నాడు అబ్రాహాము.

ఘనీ క్యాసెట్టు పెట్టి, వాకిలి వైపు తిరిగి కూర్చున్నాడు. బాక్సు కొట్టుకోవడం మొదలుపెట్టింది. అబ్రాహాము ఎడమ చెయ్యి దాని మీద పెట్టాడు. నాలుగు దెబ్బలు, ఆగడం. ఏడుపు రాలేదు. చాలా అలసటగా ఉంది. ఆ అలసట కింద, ఎక్కడో, గుడిలో ఊపిన తల బరువు ఉంది. దాన్ని దించుకోకుండా ఈ ముక్క దిగదని అతనికి తెలుసు.

నాలుగో పాట అయిపోయింది. బాక్సు చేతి కింద నిశ్శబ్దమైంది. పాటకూ పాటకూ మధ్య ఆ కొద్ది ఖాళీని అబ్రాహాము తన కోసమే వదిలారనుకున్నాడు. తల వంచి, తనకూ దేవుడికీ తప్ప ఇంకెవరికీ వినబడకూడదని, గుసగుసగా అన్నాడు.

"తండ్రీ, నేను తల ఊపిన. అబద్దం ఊపిన. గది దయ్యం గాదు, నాకు తెలుసు. ఆల్లతోని కొట్లాడ చాతకాక ఊపిన. మాఫ్ చెయ్యి. నీ ముక్క గుడిల నాకు మింగవడలే. గీడ తింటున్న."

తిన్నాడు. అంతలో తర్వాతి పాట మొదలైంది, అతను కళ్ళు మూసుకున్నాడు.

ఆ గుసగుస రోడ్డుకు అటువైపు బస్టాండులో అందరికీ వినబడింది. సోడా సీసా ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయాడు. కామారెడ్డి బస్సు కోసం అయ్యగారు అక్కడే నిలబడి ఉన్నాడు, పక్కన అతని సంచి మోస్తూ హన్మండ్లు, వెనక అయ్యగారికని తెచ్చిన రెండు సొరకాయలు పట్టుకొని లిదియా. హన్మండ్లు ముఖం నల్లబడింది. "విన్నరా అయ్యగారూ? నోటితోని చెప్పిండు! రొట్టె కూడ ఆడనే తిన్నడు! ఇగ చెప్పుండ్రి, విన్నరా లేదా?" అన్నాడు. లిదియా సొరకాయలను రొమ్ముకు అదుముకొని అయ్యగారి నోటి వంకే చూస్తోంది.

అయ్యగారు హన్మండ్లు చేతిలోంచి సంచి తీసుకొని భుజానికి తగిలించుకున్నాడు.

"బస్సు చప్పుడుకు నాకేమీ వినబడలేదు, హన్మండ్లన్నా" అన్నాడు.

బస్సు ఇంకా రాలేదు.